‘పరిమితిలోపే ఉంది’ అంటే సరిపోతుందా? టెయిలింగ్ పాండ్ ఊటను పట్టుకునే లెక్క ఇదీ

గని పక్క ఊళ్లో బోరు నీళ్లు తేడాగా అనిపిస్తే జరిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. జనం ఫిర్యాదు చేస్తారు. అధికారులు వచ్చి ఒక బాటిల్ నింపుకుని పోతారు. కొన్నాళ్లకు రిపోర్టు వస్తుంది: ‘అన్నీ పరిమితిలోపే ఉన్నాయి’. ఊరు నమ్మదు, కంపెనీ తగ్గదు. మళ్లీ ఫిర్యాదు, మళ్లీ బాటిల్.

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టు చుట్టూ ఏళ్ల తరబడి నడుస్తున్న వివాదం ఇలాంటిదే. టెయిలింగ్ పాండ్ పక్కనున్న కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె లాంటి ఊళ్ల రైతులు బోర్ల నీళ్లు మారాయని, అరటి తోటలు ఎండుతున్నాయని, పొలాల్లో తెల్లటి పొర పేరుకుంటోందని చెబుతూ వచ్చారు. ప్రాజెక్టు నడిపే యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (యూసీఐఎల్) తమ పాండ్ వల్ల ఏ హానీ లేదంటోంది. రెండు పక్షాల చేతుల్లోనూ రిపోర్టులు ఉన్నాయి.

మరి నిజం తేలేది ఎలా? దీనికి శాస్త్రం దగ్గర పద్ధతి ఉంది. అది పెద్ద రహస్యం కూడా కాదు. ‘ఈరోజు నీళ్లు ఎలా ఉన్నాయి’ అన్నది అందులో సగం ప్రశ్న మాత్రమే. ‘ముందు ఎలా ఉండేవి, ఎటు వైపు మారుతున్నాయి’ అన్నది అసలు ప్రశ్న. ఆ లెక్క ఎలా చేస్తారో, అందులో ఊరి పాత్ర ఏంటో చూద్దాం.

టెయిలింగ్ పాండ్ అంటే ఏంటి?

గనిలోంచి తీసిన రాయిలో మనకు కావాల్సిన లోహం కొంచెమే ఉంటుంది. తుమ్మలపల్లెలో టన్ను రాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. ఆ కాస్తా తీసుకున్నాక మిగిలిన రాతి పిండి, వాడిన రసాయనాలు, నీళ్లు అన్నీ కలిసి బురదలా తయారవుతాయి. దీన్నే టెయిలింగ్స్ అంటారు. పైపుల ద్వారా దీన్ని పంపించి, కట్ట వేసిన పెద్ద చెరువులో నింపుతారు. అదే టెయిలింగ్ పాండ్.

తుమ్మలపల్లె ప్లాంటు 2012లో మొదలైంది. రోజుకు 3000 టన్నుల ఖనిజాన్ని శుద్ధి చేసే సామర్థ్యంతో కట్టారు. అంటే పూర్తి స్థాయిలో నడిచిన రోజున, లోపలికి వెళ్లిన రాయి దాదాపు మొత్తం బురదగా పాండ్‌కు చేరాల్సిందే.

ఇంకో విషయం గమనించాలి. యురేనియం తీసేసినంత మాత్రాన బురద శుభ్రమైపోదు. ఖనిజంలోని రేడియోధార్మికతలో ఎక్కువ భాగం రేడియం, థోరియం రూపంలో ఆ బురదలోనే మిగిలిపోతుంది. రేడియం-226 సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. గని మూతపడినా పాండ్ మాత్రం ఊరి పక్కనే ఉంటుంది. కాబట్టి దాని మీద నిఘా కూడా గని నడిచినన్నాళ్లు ఉంటే చాలదు.

కట్ట తెగితే లోకం చూస్తుంది, ఊట దిగితే ఎవరూ చూడరు

2019 జనవరిలో బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యో దగ్గర ఇనుప గని టెయిలింగ్ డ్యామ్ తెగి 270 మంది చనిపోయారు. ఆ వీడియోలు ప్రపంచమంతా చూసింది. పాండ్ వల్ల వచ్చే రెండో ప్రమాదం ఇలా కనపడదు. అడుగు నుంచి నీళ్లు మెల్లగా నేలలోకి ఇంకుతాయి. దీన్నే సీపేజ్, మన మాటల్లో ఊట అంటారు.

ఎంత మెల్లగా దిగినా మొత్తం చిన్నదేం కాదు. ఒక లెక్క వేసి చూడండి. 40 హెక్టార్ల పాండ్ అనుకుందాం. అడుగు నుంచి రోజుకు ఒక్క మిల్లీమీటర్ నీళ్లు ఇంకాయనుకుందాం. పాండ్ గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు అది అసలు తెలీదు. కానీ రోజుకు 4 లక్షల లీటర్లు కిందికి పోయినట్టు. అంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు 40.

అందుకే పాండ్ కట్టేటప్పుడు అడుగున నీళ్లు దిగని పొర వేయాలంటారు. గట్టిగా దిమ్మిస చేసిన బంకమట్టి, బెంటొనైట్ మట్టి, దాని మీద ప్లాస్టిక్ షీటు వంటివి వాడతారు. తుమ్మలపల్లె వివాదంలో కీలకమైన అంశం ఇదే. పాండ్ అడుగున పొర నిబంధనల ప్రకారం వేయలేదని విశ్రాంత శాస్త్రవేత్త కె. బాబూరావు 2018లో కాలుష్య నియంత్రణ మండలికి లేఖ రాశారు. ఆ తర్వాత మండలి నిపుణుల కమిటీ వేసింది. ఆరోపణలను యూసీఐఎల్ ఒప్పుకోలేదు.

బురద నిండిపోయిన పాండ్ అడుగును ఇప్పుడు తవ్వి చూడటం కుదరదు. కాబట్టి పొర పనిచేస్తోందా లేదా అన్నది చుట్టుపక్కల నీళ్లే చెప్పాలి.

ముందుగా వచ్చేది యురేనియం కాదు

చాలామంది పొరపడేది ఇక్కడే. యురేనియం పాండ్ కాబట్టి నీళ్లలో యురేనియం ఉందా అని మాత్రమే అడుగుతాం. లేదంటే ఊపిరి పీల్చుకుంటాం. కానీ పాండ్ నీళ్లు నేలలో ప్రయాణించేటప్పుడు అందులోని పదార్థాలన్నీ ఒకే వేగంతో రావు.

తుమ్మలపల్లెలో యురేనియం ఉన్న రాయి సున్నపురాయి జాతికి చెందిన డోలమైట్. దానికి యాసిడ్ వేస్తే యాసిడ్ అంతా రాయికే సరిపోతుంది. అందుకే జార్ఖండ్‌లోని జాదుగూడలో వాడినట్టు సల్ఫ్యూరిక్ యాసిడ్ ఇక్కడ వాడరు. సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ కలిపిన ద్రావణంలో రాతి పిండిని వేడి మీద, ఒత్తిడి మీద ఉంచి యురేనియం లాగుతారు. ఖనిజంలో ఉన్న గంధకం ఈ క్రమంలో సల్ఫేట్‌గా మారుతుంది. దాంతో పాండ్‌కు చేరే నీళ్లలో సోడియం, సల్ఫేట్, కార్బొనేట్ ఉప్పులు దండిగా ఉంటాయి.

ఊట దిగితే ముందు పరుగెత్తేవి ఈ ఉప్పులే. క్లోరైడ్, సల్ఫేట్ వంటివి మట్టికి పెద్దగా అంటుకోవు, నీళ్లతో పాటే వచ్చేస్తాయి. కార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో యురేనియం కూడా కరిగి కదులుతుంది, అయితే కొంత మట్టికి పట్టుకుని వెనకబడుతుంది. రేడియం, థోరియం, సీసం ఇంకా వెనక వస్తాయి.

పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం ముందొస్తుంది, పెళ్లికొడుకు కారు వెనకొస్తుంది. మేళం చప్పుడు విన్నప్పుడే ఊరేగింపు వస్తోందని తెలియాలి. పెళ్లికొడుకు ఇంకా కనపడలేదు కాబట్టి ఊరేగింపే లేదంటే ఎలా?

అందుకే మంచి నిఘా వ్యవస్థలో ముందు చూసేవి చాలా మామూలు కొలతలు: నీటి విద్యుత్ వాహకత (ఈసీ అంటారు, ఉప్పులు పెరిగితే ఇది పెరుగుతుంది), పీహెచ్, సోడియం, సల్ఫేట్, క్లోరైడ్, బైకార్బొనేట్. వీటి వెనకే యురేనియం, ఇతర లోహాలు, రేడియం.

ఈ సోడియం రైతుకు ఇంకో రకంగా కూడా ముఖ్యం. సోడియం ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి పెడితే నేల చౌడు బారుతుంది. మట్టి బిగుసుకుపోతుంది, నీళ్లు ఇంకవు, పైన తెల్లటి పొర తేలుతుంది, వేర్లకు గాలి అందదు. అరటి లాంటి పంటలు ఉప్పు నీళ్లను అసలు తట్టుకోలేవు. ఇదంతా యురేనియం ఒక్క చుక్క లేకున్నా జరగొచ్చు. అందుకని ‘యురేనియం పరిమితిలోపే ఉంది’ అనే జవాబు తోట ఎండిన రైతు ప్రశ్నకు జవాబు కాదు. అలాగే తెల్ల పొర కనపడగానే అది పాండ్ నుంచే వచ్చిందని కూడా తేల్చేయలేం. రాయలసీమలో చౌడు నేలలు పాండ్ రాకముందూ ఉన్నాయి. రెండింటినీ విడదీసేది కొలతే.

నిఘా బావులు ఎక్కడ ఉండాలి?

భూగర్భ జలానికి కూడా వాలు ఉంటుంది. పైనున్న నేల వాలు, లోపలి నీటి వాలు ఒకటే కావాలని లేదు. కాబట్టి ముందుగా పాండ్ చుట్టూ సన్నటి గొట్టపు బావులు దించి వాటిలో నీటి మట్టం కొలుస్తారు. వీటిని పీజోమీటర్లు అంటారు. మట్టాలన్నీ మ్యాప్ మీద పెడితే నీళ్లు ఎటు పోతున్నాయో తెలుస్తుంది.

ఆ దిశ తెలిశాక పాండ్‌కు ఎగువన కనీసం ఒక బావి, దిగువన పలు బావులు వేస్తారు. ఎగువ బావి పాండ్ ప్రభావం లేని నీళ్లు ఎలా ఉంటాయో చెబుతుంది. దిగువ బావులు పాండ్‌ను దాటి వచ్చిన నీళ్ల సంగతి చెబుతాయి. రెండింటి తేడాలోనే సమాచారం ఉంది. లోతు కూడా ముఖ్యం. ఒకే చోట తక్కువ లోతులో ఒకటి, ఎక్కువ లోతులో ఒకటి బావులు ఉండాలి, ఎందుకంటే ఊట ఏ పొరలో నడుస్తుందో ముందే చెప్పలేం.

సున్నపురాయి జాతి నేలలో ఇంకో చిక్కు ఉంది. నీళ్లు మట్టిలో ఇంకినట్టు సమానంగా కదలవు, రాతి పగుళ్లు పట్టుకుని పోతాయి. పాండ్ పక్కనే ఉన్న బోరు శుభ్రంగా ఉండి, కిలోమీటర్ అవతల బోరు దెబ్బతినొచ్చు. ‘దగ్గరి బోరుకే ఏం కాలేదు, దూరం బోరుకు ఎలా అవుతుంది’ అనే మాట అందుకే చెల్లదు. దానికి తోడు రైతులు వందల అడుగుల లోతు బోర్లతో రాత్రింబవళ్లు తోడుతుంటే నీళ్లు అటు వైపు లాక్కుపోతాయి. నీటి దిశ సీజన్‌ను బట్టి మారొచ్చు. కాబట్టి ఒక్కసారి మ్యాప్ గీసి వదిలేస్తే కుదరదు.

పగుళ్లు ఎక్కడున్నాయో, ఉప్పు నీళ్లు ఎటు పాకుతున్నాయో చూడ్డానికి నేలలోకి కరెంటు పంపి నిరోధకత కొలిచే సర్వే ఉంటుంది. ఉప్పు నీళ్లున్న చోట కరెంటు తేలిగ్గా నడుస్తుంది. బావి ఎక్కడ వేయాలో గుడ్డిగా కాకుండా చూసి నిర్ణయించడానికి ఇది పనికొస్తుంది.

బాటిల్ నింపడంలోనే సగం పని

ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా, బాటిల్ సరిగా నింపకపోతే రిపోర్టు వృథా. మీ ఊరికి శాంపిల్ కోసం వచ్చినప్పుడు ఇవి గమనించండి.

ఒకటి, బావిలో నిలిచి ఉన్న నీళ్లను నింపకూడదు. నిఘా బావి అయితే అందులో నిలిచిన నీటికి దాదాపు మూడింతలు తోడి పారబోయాలి. పీహెచ్, ఈసీ రీడింగులు నిలకడగా వచ్చాకే శాంపిల్ తీయాలి. బోరైతే మోటారు కాసేపు నడిచాక పట్టాలి, ట్యాంకులోంచి కాదు.

రెండు, పీహెచ్, ఈసీ, ఉష్ణోగ్రత అక్కడికక్కడే కొలవాలి. ల్యాబ్‌కు పోయేలోపు పీహెచ్ మారిపోతుంది.

మూడు, ఒక్క బాటిల్ చాలదు. లోహాల కోసం తీసే నీళ్లను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, అందులో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి. లేకపోతే లోహం బాటిల్ గోడలకు అంటుకుని రిపోర్టులో తక్కువ చూపిస్తుంది. బైకార్బొనేట్, సల్ఫేట్ కోసం యాసిడ్ వేయని బాటిల్ వేరే ఉండాలి.

నాలుగు, బాటిల్ మీద చోటు, తేదీ, టైమ్ రాసి సీల్ వేయాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో కాగితం మీద ఉండాలి. అదే బోరు నుంచి ఇంకో బాటిల్ నింపి వేరే ల్యాబ్‌కు పంపితే ఇంకా మంచిది.

ఒక్క రీడింగ్ ఎందుకు చాలదు?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మన దేశంలో తాగునీటికి బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 10500 ఉంది. కరిగిన ఉప్పుల మొత్తానికి (టీడీఎస్) అందులో రెండు అంకెలు ఉంటాయి. లీటరుకు 500 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యం. వేరే నీళ్లు దొరక్కపోతే 2000 వరకు సరిపెట్టుకోవచ్చు. సల్ఫేట్‌కు ఇలాగే 200, 400.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పాండ్ దిగువన ఒక బోరు. ప్రతి ఏడాదీ మే నెలలో ఈసీ కొలిచారు. మొదటి ఏడు 900, రెండో ఏడు 1150, మూడో ఏడు 1600, నాలుగో ఏడు 2400 మైక్రోసీమెన్స్. టీడీఎస్‌లోకి మారిస్తే సుమారుగా 585, 750, 1040, 1560. నాలుగేళ్లూ 2000 లోపే. ప్రతి ఏటా వచ్చే రిపోర్టు ‘పరిమితిలోపే ఉంది’ అని నిజాయితీగానే రాయొచ్చు. అబద్ధం లేదు. కానీ నాలుగు అంకెలు పక్కపక్కన పెడితే ఆ బోరులోకి ఏదో వస్తోందని కళ్లకు కనపడుతోంది. ఎగువ బోరులో అదే నాలుగేళ్లు 900 దగ్గరే నిలిచి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

తాగునీటి పరిమితి అన్నది ‘ఈ నీళ్లు తాగొచ్చా’ అన్న ప్రశ్నకు జవాబు. ‘పాండ్ కారుతోందా’ అన్నది వేరే ప్రశ్న. మొదటి దానికి వచ్చిన జవాబును రెండో దానికి చెప్పడమే ఈ వివాదాల్లో జరిగే అసలు తికమక. పరిమితి దాటే వరకు ఆగితే, అప్పటికి ఊట కిలోమీటర్ల దూరం పాకి ఉంటుంది. వెనక్కి తెచ్చే దారి ఉండదు.

రిపోర్టు చదివేటప్పుడు ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. ‘బీడీఎల్’ అని రాస్తే సున్నా అని కాదు, ఆ మిషన్ పట్టుకోలేకపోయిందని అర్థం. మిషన్ కనీసం ఎంత పట్టగలదో అడగాలి. అలాగే పది బోర్ల సగటు చూపిస్తే ఒప్పుకోకండి. తొమ్మిది మంచి బోర్లు ఒక చెడ్డ బోరును దాచేస్తాయి. ఏ బోరు లెక్క ఆ బోరుకే రావాలి.

పోల్చేటప్పుడు సీజన్ కూడా చూడాలి. వానలు పడ్డాక నవంబర్‌లో తీసిన రీడింగును ఎండాకాలం మే నెల రీడింగుతో పోలిస్తే ఏదైనా రుజువు చేయొచ్చు. మే నెలను మే నెలతోనే పోల్చాలి.

‘ఇది రాతిలో ముందు నుంచీ ఉన్నదే’ అంటే?

ఈ వాదనను కొట్టిపారేయలేం. యురేనియం ఉన్న రాయి కాబట్టే అక్కడ గని పెట్టారు. ఆ రాయి గుండా వచ్చే బోరు నీళ్లలో గని లేకున్నా కొంత యురేనియం ఉండొచ్చు. ఏ పాండూ లేని చాలా రాష్ట్రాల్లో కూడా భూగర్భ జలాల్లో యురేనియం కనపడింది.

అయితే ఈ వాదన నిజమా కాదా తేల్చే మార్గాలున్నాయి. మొదటిది బేస్‌లైన్, అంటే ప్లాంటు రాకముందు అదే బోర్లలో నమోదైన రీడింగులు. సహజంగా ఉన్నదైతే అప్పుడూ ఉండాలి. రెండోది ఎగువ బోర్లతో పోలిక. మూడోది తోడు పదార్థాలు. యురేనియంతో పాటు సోడియం, సల్ఫేట్ కూడా కలిసి పెరుగుతుంటే అది పాండ్ నీళ్ల గుర్తుకు దగ్గరగా ఉన్నట్టు.

ఇంకా పక్కాగా కావాలంటే ఐసోటోపులు ఉన్నాయి. రాతి నుంచి సహజంగా, నిదానంగా కరిగిన నీళ్లలో యురేనియం-238 కన్నా యురేనియం-234 రేడియోధార్మికత తరచుగా ఎక్కువగా ఉంటుంది. ప్లాంటులో ఖనిజాన్ని ఒక్కసారిగా కరిగించినప్పుడు రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. అలాగే ఎండకు ఆవిరైన చెరువు నీళ్లలో బరువైన ఆక్సిజన్, హైడ్రోజన్ పాళ్లు పెరుగుతాయి. వాన నీళ్లు నేరుగా ఇంకిన బోరులో ఆ గుర్తు ఉండదు. ఈ పరీక్షలు చేసే సత్తా మన దేశంలోని ప్రభుత్వ పరిశోధన సంస్థలకు ఉంది.

పాండ్‌కు కూడా ఇంటి బడ్జెట్ లాంటి లెక్క వేయొచ్చు. లోపలికి వచ్చిన బురద నీళ్లు, వాన నీళ్లు ఒక పక్క. ఆవిరైనవి, ప్లాంటుకు తిరిగి పంపినవి, పాండ్‌లో మిగిలినవి ఇంకో పక్క. రెండు పక్కలూ కలవకపోతే ఆ తేడా ఎటు పోయినట్టు? కంపెనీ దగ్గర ఈ అంకెలు ఉండాల్సిందే. ఊరి వాళ్లు ఈ లెక్క అడగడం మాత్రం అరుదు.

లెక్కలు ఎవరి దగ్గర ఉన్నాయి?

యురేనియం గనుల దగ్గర పరిసరాల కొలతల్లో ఎక్కువ భాగం కంపెనీ, దాని పక్కనే ఉండే బాబా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ల్యాబ్ చేస్తాయి. రేడియేషన్ భద్రతను అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) చూస్తుంది. నీటి కాలుష్యం 1974 నాటి నీటి చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి బాధ్యత. యూసీఐఎల్, బార్క్ రెండూ ఒకే అణుశక్తి విభాగం కిందివి. వాళ్ల కొలతలు తప్పని దీనర్థం కాదు. కానీ ఒకే ఇంటి వాళ్లు కొలిచిన లెక్కను ఊరు నమ్మాలంటే, ఆ లెక్క అందరి ముందు పెట్టాలి.

పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టులు షరతుల అమలు మీద ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న రిపోర్టు ఇవ్వాలని 2006 ఈఐఏ నోటిఫికేషన్ చెబుతోంది. ఇవి ప్రజలు చూడగలిగే పత్రాలు. అందులో బోరు వారీగా అంకెలు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. కేంద్ర సంస్థలకు 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అణు రంగంలో దేశ భద్రత పేరుతో కొన్ని విషయాలు ఇవ్వకపోవచ్చు. కానీ రైతు బోరులో సల్ఫేట్ ఎంతుందో దేశ రహస్యం ఎలా అవుతుంది?

దరఖాస్తులో ‘నీటి నాణ్యత వివరాలు’ అని పైపైన అడిగితే జవాబూ పైపైనే వస్తుంది. ఇలా అడగండి: ప్లాంటుకు ముందు బేస్‌లైన్ రీడింగులు, నిఘా బావుల మ్యాప్, లోతు, ప్రతి బావికీ తేదీల వారీగా నీటి మట్టం, ఈసీ, సోడియం, సల్ఫేట్, క్లోరైడ్, యురేనియం అంకెలు, ఏ ల్యాబ్ చేసింది, మిషన్ కనీస పరిమితి ఎంత.

ఊరు చేయగలిగింది

యురేనియం కొలిచే మిషన్ ఊరికి కుదరదు. కానీ మేళం చప్పుడు వినడం కుదురుతుంది. చేతిలో పట్టుకునే ఈసీ మీటర్ కొన్ని వందల రూపాయల నుంచి దొరుకుతుంది. నెలకోసారి, ఒకే తేదీన, అవే బోర్ల దగ్గర కొలిచి ఒక రిజిస్టర్‌లో రాయండి. బోరు పేరు, లోతు, తేదీ, మోటారు ఎంతసేపు నడిచింది, రీడింగ్ ఎంత. అంతే.

బోర్లు ఎంచుకునేటప్పుడు మస్జిద్ బోరు, బడి బోరు, పంచాయతీ బోరు తప్పకుండా పెట్టుకోండి. రోజుకు ఐదు పూటలా వుజూకు నీళ్లు తోడే మస్జిద్ బోరులో నీళ్లు నిలవ ఉండవు, కాబట్టి అక్కడి రీడింగ్ నమ్మదగ్గది. ట్యాంకులోంచి కాకుండా మోటారు పైపు దగ్గరే పట్టాలి. పైగా కమిటీ ఉంటుంది, రిజిస్టర్ పోకుండా చూసుకునే మనిషి ఉంటాడు. పాండ్‌కు ఎగువన ఉన్న ఊరి బోరు ఒకటి కూడా కలుపుకోండి, పోలికకు అదే ఆధారం.

జల్ జీవన్ మిషన్ కింద పంచాయతీలకు ఇచ్చిన కిట్లతో క్లోరైడ్, ఆల్కలినిటీ, గట్టిదనం, ఫ్లోరైడ్ చూసుకోవచ్చు. వాటితో యురేనియం తెలీదు. వరుసగా మూడు నాలుగు నెలలు ఒక బోరు రీడింగ్ పెరుగుతూ పోతే, ఆ రిజిస్టర్ కాపీ జత చేసి పూర్తి పరీక్ష కోసం మండలికి, కలెక్టర్‌కు రాయండి. ‘నీళ్లు పాడయ్యాయి’ అనే ఫిర్యాదును పక్కన పెట్టేయడం సులువు. పన్నెండు నెలల అంకెల వరుసను పక్కన పెట్టేయడం కష్టం.

ఈలోపు ఆ నీళ్లు తాగొచ్చా?

యురేనియం తాగునీటిలో చేసే ప్రధాన హాని రేడియేషన్ వల్ల కాదు, రసాయనంగా మూత్రపిండాల మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. బీఐఎస్ కూడా ఇప్పుడు అదే అంకె పెట్టింది. ఏఈఆర్‌బీ అంకె 60. కాబట్టి రిపోర్టులో ‘పరిమితిలోపే’ అని ఉంటే ఏ పరిమితి అని అడగాలి.

ఈ 30 మైక్రోగ్రాములు అంటే 0.03 మిల్లీగ్రాము. టీడీఎస్ మీటర్ ఒక్కో మిల్లీగ్రాము చొప్పున చూపిస్తుంది కాబట్టి దానికి యురేనియం దొరకదు. టీడీఎస్ తక్కువ ఉంది, కాబట్టి యురేనియం లేదు అనుకోవద్దు. నీళ్లు మరగబెట్టినా పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్‌ఓ ఫిల్టర్ చాలావరకు తీసేస్తుంది. అయితే ఆర్‌ఓ వదిలే వృథా నీళ్లలో ఆ ఉప్పులన్నీ చిక్కగా చేరతాయి, వాటిని కూరగాయల మడికి పెట్టొద్దు.

అనుమానం ఉన్న బోరు నీళ్లను పరీక్ష అయ్యేదాకా తాగడానికి, వంటకు, ముఖ్యంగా పసిపిల్లల పాలపొడి కలపడానికి వాడకపోవడం మంచిది. యురేనియం చర్మం ద్వారా ఒంట్లోకి పెద్దగా పోదు, కాబట్టి వుజూ, స్నానం గురించి దాని విషయంలో అంత భయం అక్కర్లేదు. దద్దుర్లు, దురద వస్తే మాత్రం ఆ నీళ్లు ఆపి డాక్టర్‌కు చూపించాలి, కారణం ఏదైనా కావొచ్చు.

ఇది కడప సంగతి మాత్రమే కాదు

నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్-పెద్దగట్టులో యురేనియం తవ్వాలన్న ప్రతిపాదన 2000 దశకంలోనే వచ్చింది. హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు ఆ సాగర్ నుంచి వచ్చేవే. 2019లో నల్లమల కోసం జనం రోడ్డెక్కితే, యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. థర్మల్ కేంద్రాల బూడిద చెరువుల చుట్టూ కూడా ఊట లెక్క ఇదే.

ఎక్కడైనా సరే, పాండ్ కట్టాక కొలవడం మొదలుపెడితే బేస్‌లైన్ ఉండదు. కట్టకముందు కొలిచిన అంకెలు ఊరి దగ్గర కూడా ఒక కాపీ ఉండాలి. తుమ్మలపల్లె చుట్టుపక్కల ఊళ్లకు ఆ అవకాశం దాటిపోయింది. వాళ్లకు మిగిలింది ఈ నెల నుంచైనా రిజిస్టర్ తెరవడం, సర్కారు దగ్గరున్న పాత అంకెలను బోరు వారీగా బయటికి రప్పించడం. వచ్చే ఏడాది మళ్లీ ఎవరో వచ్చి ‘పరిమితిలోపే ఉంది’ అన్నప్పుడు, ‘సరే, నిరుటి కంటే ఎంత పెరిగింది?’ అని అడగగలిగితే అక్కడి నుంచి మాట వేరేగా నడుస్తుంది.